హఫీజ్‌ను తెలుగులో ఏమనాలి?



లింగంపల్లిలో బయలుదేరిన ఎమ్మెమ్టీఎస్ రైలు చందానగర్ దాటాక హఫీజ్‌పేటలో ఆగుతుంది. ఆ తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. 2017 నవంబరులో మా మియాపూర్ నుంచి మెట్రో మొదలయ్యాక ఎందరో అటు మళ్లారు గానీ, హైటెక్ సిటీ ఆఫీసులకు పోయే పిల్లలు ఇప్పటికీ వీపున సంచి వేసుకుని హఫీజ్‌పేట ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటారు. వాళ్ల తలల మీదుగా ఆ ఊరి పేరు బోర్డు కనిపిస్తుంది. నేను తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషిని. బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. అయినా పదకొండేళ్లపాటు ఆ పేరులో 'పేట'ను మాత్రమే చదివాను. మిగతా సగం ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

అడిగింది మా కింది ఇంటి పాప. ఐదో తరగతి. ఆ పిల్ల తాతగారు సదాశివపేట వైపు మనిషి. నలభై ఏళ్లు దర్జీ పని చేసి, కళ్లు సహకరించక మిషను పక్కన పెట్టి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. బళ్లో పాపకు ఒక పని ఇచ్చారు: మీ ఇంటి చుట్టుపక్కల మూడు ఊళ్ల పేర్లు రాసి, వాటి అర్థాలు తెలుగులో రాసుకు రమ్మన్నారు. పాప మియాపూర్, అమీన్‌పూర్, హఫీజ్‌పేట అని మూడూ వరసగా రాసింది. మియా అంటే పెద్దమనిషి, అయ్యగారు అన్నట్టు. పసిపిల్లలు అల్లాను కూడా 'అల్లా మియా' అనే పిలుస్తారు. అమీన్ అంటే నమ్మదగినవాడు. ఆ రెండూ తాతగారే చెప్పారు. మూడోదాని దగ్గర ఆగారు. అర్థం తెలియక ఆగలేదు, తెలుగు మాట దొరక్క ఆగారు. మనవరాలిని వెంటబెట్టుకుని మెట్లెక్కి నా దగ్గరికి వచ్చారు.

"హఫీజ్ అంటే అల్లా పేరు సార్. తొంభైతొమ్మిదిట్ల ఒకటి. తెలుగుల ఏమని రాయాలె?"

నేను ఆలోచించకుండా 'రక్షకుడు' అన్నాను. పాప రాసుకుంది. ఆయన మాత్రం కదల్లేదు. కాసేపాగి అన్నారు: "ఠాణా బోర్డు మీద రక్షకభట నిలయమని రాస్తరు గద సార్. గట్లనేనా? ఇంక గింత లోతు ఉంటది గా మాటల."

ఆ లోతు ఎంతో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివినదీ, విన్నదీ ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు అక్షరాల సంగతి. అరబ్బీలో మాటలు చాలావరకు మూడు హల్లుల మూలం నుంచి పుడతాయి. ఈ మాటకు మూలం హ, ఫ, జ. ఆ చివరి జకారం మన జకారం కాదు. ఉర్దూ వర్ణమాలలో 'జోయ్' అనే అక్షరం. ఆ మూలానికి కాచడం అన్న అర్థం ఉంది. గుర్తుంచుకోవడం అన్న అర్థమూ ఉంది. ఆ రెండూ వాళ్లకు వేరు పనులు కావు. జ్ఞాపకం పెట్టుకుంటే కాపాడినట్టు, మరిచిపోతే పోగొట్టుకున్నట్టు. అందుకే ఉర్దూలో భద్రతను హిఫాజత్ అంటారు, భద్రంగా ఉన్నదాన్ని మహఫూజ్ అంటారు, జ్ఞాపకశక్తిని హాఫిజా అంటారు. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడు హాఫిజ్. మన హైదరాబాదులో ఇంటికి వచ్చినవాళ్లు గడప దాటుతూ అనే ఖుదా హాఫిజ్‌లో ఉన్నదీ ఈ హాఫిజే. దేవుడు నిన్ను కాచుగాక అని.

హాఫిజ్, హఫీజ్. దీర్ఘం ఎక్కడ పడిందన్నదే తేడా. హకారం మీద పడితే కాచేవాడు, ఆ పని చేస్తున్నవాడు. ఫకారం మీదకి జరిగితే, కాచడమే స్వభావమైనవాడు, ఎన్నడూ మానని వాడు. అల్లా నామాల్లో లెక్కించేది ఈ రెండోదాన్ని. మనుషులకు ఈ పేరు పెట్టాలంటే ముందు అబ్దుల్ చేరుస్తారు. అబ్దుల్ హఫీజ్ అంటే హఫీజ్ దాసుడు. మన రామదాసు, శివదాసు లాంటి పేరే. వాడుకలో దాసుడు జారిపోయి నామం ఒక్కటే మిగులుతుంది. రహీమ్ భాయ్, కరీం సాబ్, రజాక్, లతీఫ్, సమద్ అని మనం రోజూ పిలిచే పేర్లన్నీ ఇలా దైవనామాల నుంచి వచ్చినవే. మన వీధుల్లో దేవుడి గుణాలు టీకొట్ల ముందు, మెకానిక్ షెడ్ల ముందు పిలుపులై వినిపిస్తుంటాయి.

బుఖారీ హదీసు సంకలనంలో ముహమ్మద్ ప్రవక్త మాట ఒకటి ఉంది. అల్లాకు తొంభైతొమ్మిది పేర్లు, వందకు ఒకటి తక్కువ, వాటిని పదిలం చేసుకున్నవాడు స్వర్గానికి పోతాడని దాని భావం. ఒక పాఠంలో అక్కడ వాడిన క్రియ ఈ హిఫ్జే. నామాలను కంఠం చేయమనా, కాపాడుకోమనా అని నాలాంటివాడికి సందేహం వస్తుంది. అరబ్బీవాడికి ఆ సందేహమే రాదు.

ఇక మన భాషకు వద్దాం. నేను చెప్పిన 'రక్షకుడు' సంస్కృతం. అందులో తప్పేమీ లేదు. అయితే పాప రాసిన మూడు ఊళ్లలో అమీన్‌పూర్ ఉంది. ఆ పేరు విన్న తెలుగు మాస్టారు సంస్కృత పదంతో సరిపెట్టుకుంటే బాగుండదు. ఎందుకో చెబుతాను. కుతుబ్‌షాహీల కాలంలో, పదహారో శతాబ్దంలో, పటాన్‌చెరులో అమీన్ ఖాన్ అనే ప్రభువు ఉండేవాడు. మన కావ్యాల్లో ఆ ఊరు పొట్లచెరువు. పొన్నికంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రను ఆయనకే అంకితం ఇచ్చాడు. సంస్కృత తత్సమాలు పక్కనబెట్టి, అచ్చతెలుగులో రాసిన తొలి కావ్యం అది. అచ్చతెలుగు కావ్యాల్లో మొదటిదాన్ని అందుకున్నది ఒక ముస్లిం. మల్కిభరాముడని మన కవులు ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా కాలం అది. అమీన్‌పూర్‌కు ఆ పేరు ఈ అమీన్ ఖాన్ నుంచే వచ్చిందని చెబుతారు. ఆ కొలువులో ఎవరైనా తెలగనార్యుణ్ణి హఫీజ్‌కు తెలుగు అడిగి ఉంటే ఆయన ఏమని ఉండేవాడు? నేను ఆయన పక్కన కూర్చున్నట్టు ఊహించుకుని వెతకడం మొదలుపెట్టాను.

మొదట దొరికేది కాచు. కాపు, కాపలా, కాపరి, అన్నీ అందులోంచి వచ్చినవే. జొన్నచేను కంకి వేసినప్పుడు మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవాడు చేస్తున్నది అదే. ఆ బొమ్మ నాకు నచ్చింది. చేను ఆ కాపలావాడిది కాకపోవచ్చు, పిట్టా అతడికి శత్రువేమీ కాదు, అయినా గింజ నిలబడేది అతడి మెలకువ వల్ల. కానీ మంచె మీది మనిషికి తెల్లవారుజామున కునుకు పడుతుంది. ముస్లింల ఇళ్లలో, దుకాణాల్లో గోడమీద చట్రం కట్టి పెట్టుకునే ఆయతుల్ కుర్సీ ఉంది కదా, ఖురాన్ రెండో సూరాలో 255వ వాక్యం, అందులో మొదట చెప్పే సంగతుల్లో ఒకటి ఆయనకు కునుకు గానీ నిద్ర గానీ లేవని. చివర్లో భూమ్యాకాశాలను కాయడం ఆయనకు భారం కాదని. ఆ 'కాయడం' దగ్గర ఉన్న మాట హిఫ్జ్. పిల్లకు జ్వరమొచ్చిన రాత్రి నిద్రకు ఆగలేక తల్లి తలవాల్చి, ఉలిక్కిపడి లేచి, అయ్యో కన్నంటుకుందే అనుకుంటుంది చూడండి. మనుషుల కాపలాలో ఉండే ఆ లోటు లేని కాపలా అది.

పదకొండో శతాబ్దంలో పుట్టి 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ దైవనామాల మీద ఒక పుస్తకమే రాశాడు. హఫీజ్ దగ్గర ఆయన చేసిన వ్యాఖ్య నన్ను చాలాసేపు ఆపింది. ఉన్నదాన్ని లేకుండా పోనివ్వక నిలపడం ఒక అర్థం అంటాడు. రెండోది, ఒకదానికొకటి పడని వాటిని ఒకదాన్నుంచి ఒకటి కాపాడటం. నిప్పు నీటిని ఇగిర్చేస్తుంది, నీరు నిప్పును ఆర్పేస్తుంది. ఆ వేడీ ఆ తడీ రెండూ మన ఒంట్లోనే ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని మింగకుండా ఇద్దరినీ ఒక ఇంట్లో కాపురం చేయిస్తున్నవాడు హఫీజ్ అని ఆయన భావం. మరి మనిషి వంతు ఏమిటంటే, తన కళ్లను, చేతులను, గుండెను కోపం నుంచీ కోరికల నుంచీ కాచుకోవడం. ఈ వ్యాఖ్యలో కత్తీ డాలూ లేవు. రక్షకుడు అనగానే మన మనసులో కదిలే శత్రువు కూడా లేడు.

గుర్తుంచుకోవడం అన్న రెండో పార్శ్వం దగ్గర మాత్రం తెలుగు కొంచెం ఇబ్బంది పెట్టింది. కాచే మాట వేరు, జ్ఞాపకం మాట వేరు. అచ్చతెలుగు పట్టు కాసేపు వదిలిపెట్టాక ఒక మాట తట్టింది: ధారణ. అవధానాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పృచ్ఛకులు అడిగినవన్నీ నడిపించి, చివర్లో అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పే ఘట్టం ధారణ. ధరించడం అంటే పట్టి ఉంచడం. జారనివ్వకపోవడమే జ్ఞాపకం అని మనవాళ్లూ అనుకున్నారు. వేదం చదివిన ఘనపాఠులు పదం, క్రమం, జట, ఘన అంటూ ఒకే వాక్యాన్ని ముందుకూ వెనక్కూ అల్లుకుంటూ పట్టి ఉంచింది కూడా ఒక్క స్వరం జారకూడదనే.

అందుకే హిఫ్జ్ చదివే పిల్లల పద్ధతి చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా కింది ఇంటి పెద్దాయన అన్నగారి మనవడు ఒకడు అలా చదువుతున్నాడు. పన్నెండేళ్లు. ఆరోజు కొత్తగా పట్టే పాఠం సబఖ్. ఈమధ్య చదివినది మళ్లీ వల్లించేది సబఖ్ పారా. ఎప్పుడో పూర్తయినదాన్ని తిరగేసేది ఆమోఖ్తా. కొత్తది చేరుతున్న కొద్దీ పాతది జారుతుంది కాబట్టి రోజులో ఎక్కువ భాగం పాతదాన్ని పట్టుకోవడానికే పోతుంది. 30 భాగాలు, 114 సూరాలు, ఆరువేలకు పైగా వాక్యాలు. ఆ పిల్లాడి మాతృభాష అరబ్బీ కాదు. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. అయినా ఒక్క దీర్ఘం తప్పినా ఉస్తాద్ వేలు ఎత్తుతాడు. హైదరాబాదు పాతబస్తీలో 1870లలో పుట్టిన జామియా నిజామియా నుంచి మొన్న మొన్న వచ్చిన చిన్న మదరసాల దాకా ఈ వల్లెవేత ఆగకుండా సాగుతూనే ఉంది.

రంజాన్ నెల రాత్రుల్లో తరావీ నమాజు ఉంటుంది. హాఫిజ్ ముందు నిలబడి పుస్తకం లేకుండా చదువుతాడు, నెల పూర్తయ్యేసరికి ఖురాన్ పూర్తవుతుంది. వెనక వరసలో ఇంకో హాఫిజ్ నిలబడతాడు. ఆయన పని వినడం. ముందున్నవాడు ఎక్కడైనా తడబడితే వెనకనుంచి ఆ మాట అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. లుక్మా అంటే అన్నం ముద్ద. మరిచిపోయినవాడికి మాటను ముద్దలా నోటికందిస్తారు. నాకు ఇంతకంటే అందమైన మాట ఈమధ్య తారసపడలేదు. ఈ గ్రంథాన్ని తానే కాపాడతానని అల్లా ఖురాన్‌లో మాట ఇచ్చినట్టు ఉంది, పదిహేనో సూరాలో. మరి ఆయన కాపాడుతున్నది ఎక్కడ? పన్నెండేళ్ల పిల్లాడి గొంతులో, వాడు తడబడితే అందించే వెనక వరస మనిషి చెవిలో. హఫీజ్ తన పనిని ఇలా మనుషుల చేతుల్లో పెట్టాడనిపిస్తుంది.

చేతుల్లో పెట్టడం అంటే గుర్తొచ్చింది. అమానత్. ఆ మాట మన కచేరీల్లోకి అమానతు అని ఎప్పుడో వచ్చేసింది, జామీను వచ్చినట్టే. ఒకరు మరొకరి దగ్గర నమ్మి దాచుకున్నది అమానత్. హఫీజ్ అన్న నామాన్ని అర్థం చేసుకోవాలంటే అమానత్ తెలియాలని పెద్దాయనే చెప్పారు. చెప్పి ఊరుకోకుండా యూసుఫ్ కథ చదవమన్నారు.

ఖురాన్ పన్నెండో సూరా యూసుఫ్ కథ. తెలుగులో ఖురాన్‌ను మొదట అనువదించింది చిలుకూరి నారాయణరావు గారు. ఆ అనువాదం 1925లో అచ్చయింది. ఆ తర్వాత అరబ్బీ తెలిసిన ముస్లిం పండితులు చేసిన తెలుగు అనువాదాలు చాలా వచ్చాయి. నేను వాటిలో రెండు ముందు పెట్టుకుని, మూలంలో హిఫ్జ్ అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో పెద్దాయన చేత గుర్తు పెట్టించుకుని చదివాను. చదువుతుంటే ఆ కథ అంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతోందని తెలిసింది.

అన్నలు తండ్రి యాకూబ్ దగ్గరికి వచ్చి, తమ్ముణ్ణి మాతో ఆటలకు పంపు, మేం కాచుకుంటాం అంటారు. అది మొదటిసారి. తీసుకెళ్లి బావిలో పడేస్తారు. ఏళ్లు గడిచి కరవు వస్తుంది. ధాన్యం కోసం ఈజిప్టు వెళ్లిన ఆ అన్నలే తిరిగొచ్చి, చిన్న తమ్ముణ్ణి కూడా పంపితేనే ఈసారి గింజలు కొలుస్తారట, పంపు, మేం కాచుకుంటాం అంటారు. అదే మాట, అవే నోళ్లు. ముసలి తండ్రి గుండె ఎలా ఉంటుందో ఆలోచించండి. మునుపు ఇతని అన్నను మీకు అప్పగించినట్టే ఇతన్నీ అప్పగించాలా అని అడిగి, కాచేవాళ్లలో అల్లాను మించినవాడు లేడంటాడు. ఆ బిడ్డ కూడా అక్కడే చిక్కుపడిపోతాడు. అప్పుడు అన్నల్లో పెద్దవాడు తండ్రితో చెప్పమన్న మాట, కంటికి కనపడనిదాన్ని మేం కాయలేకపోయాం అని. ఎంత నిజమైన మాట! మనుషుల కాపలాకు అది హద్దు.

వీటి మధ్యలో, కథ నడుమ, ఇంకో ఘట్టం ఉంది. ఏడేళ్లు పంట, ఏడేళ్లు కరవు అని రాజు కలకు అర్థం చెప్పిన యూసుఫ్‌ను చెరసాల నుంచి పిలిపిస్తారు. నేటి నుంచి మా దగ్గర నీకు స్థానం ఉంది, నువ్వు అమీన్‌వు అంటాడు రాజు. వెంటనే యూసుఫ్, దేశపు ధాన్యాగారాలను నాకు అప్పగించండి, నేను హఫీజ్‌ను అంటాడు. 54వ వాక్యంలో అమీన్. 55వ వాక్యంలో హఫీజ్. పక్కపక్కనే.

నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మా మియాపూర్‌కు ఒక పక్క అమీన్‌పూర్, ఇంకో పక్క హఫీజ్‌పేట. ఆ ఊళ్లకు పేర్లు పెట్టినవాళ్లు ఈ వాక్యాలు తలుచుకుని పెట్టలేదు, ఎవరెవరి పేర్లో అలా స్థిరపడ్డాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రెండు మాటల నడుమ పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నానన్న ఎరుక నాకు ఆ రాత్రే కలిగింది.

ఇంకా ఆశ్చర్యం, దైవనామమైన ఆ మాటను అక్కడ ఒక మనిషి తన గురించి తాను వాడుకున్నాడు. అదీ ఎవరు? అన్నల కాపలాలో బావిలో పడినవాడు. కాపాడటానికి వాళ్లేమి చేయలేదో చిన్ననాడే చూసినవాడు ధాన్యం తాళంచెవి అడుగుతున్నాడు. అంతకుముందు, కలకు అర్థం చెప్పినప్పుడు ఏమన్నాడు? కోసిన పంటను, తినడానికి కావలసింది తప్ప, కంకుల్లోనే ఉంచమన్నాడు. నూర్చకుండా ఉంచితే గింజ చెడదని రైతులకు తెలుసు. హఫీజ్ అన్న మాట ఇక్కడ ధాన్యాగారం దగ్గరికి, పురుగుపట్టని గింజ దగ్గరికి, కరవులో తిండి దగ్గరికి దిగి వచ్చింది.

ఆ గింజ మా రోడ్డు మీదే ఉంది. మియాపూర్ నుంచి ముంబై హైవే పట్టుకుని పోతే పటాన్‌చెరులో ఇక్రిశాట్ వస్తుంది. 1972లో పెట్టారు. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఆ సంస్థలో విత్తనాల బ్యాంకు ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర వంటివి లక్షా ఇరవై వేలకు పైగా రకాలు, వందకు మించిన దేశాల నుంచి తెచ్చినవి, అక్కడ దాచారు. చాలా ఏళ్లు ఉండాల్సిన వాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో పెడతారు. వాటిలో ఎన్నో రకాలు ఇవాళ పొలాల్లో కనిపించవు. పండించే రైతు మానేశాడు, కొనేవాడు మానేశాడు, ఊరు మరిచిపోయింది. ఆ చల్లటి గదిలో మాత్రం ఉన్నాయి. రేపు ఏ తెగులో వచ్చి ఒక దేశపు కంది మొత్తం పోతే, అడగడానికి తలుపు ఒకటి ఉంది. మళ్లీ పొట్లచెరువే, అమీన్ ఖాన్ ఊరే. అక్కడ పనిచేసేవాళ్లలో యూసుఫ్ కథ తెలిసినవాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, వాళ్లు చేస్తున్నది హిఫ్జ్ అని నేను గట్టిగా అనగలను.

ఇంతదాకా వచ్చాక ఒక ప్రశ్న తప్పించుకోలేం. అన్నిటినీ కాచేవాడు ఉంటే, కాపాడబడని వాళ్ల సంగతేమిటి?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. హైదరాబాదు వాళ్లు తుగ్యానీ అని ఇప్పటికీ తలుచుకునే వరద. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అదే వరదలో ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే ఆయన తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆ ఇంట్లో మిగిలింది ఆయన ఒక్కడే. ఆ తర్వాత ఐదు దశాబ్దాలు బతికి 1961లో పోయాడు. అంత పోగొట్టుకున్న మనిషి దేవుడి మాట ఎత్తడు అనుకుంటాం. ఆయన మాత్రం జీవితమంతా భక్తితో, సూఫీ భావంతో రాశాడు.

ఎలా రాశాడని పెద్దాయనను అడిగాను. చెట్టెక్కినవాళ్లను కాచినవాడు ఆ ముగ్గురిని ఎందుకు కాయలేదు?

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నాలుగేళ్ల కిందట ఆయన భార్య పోయింది. పెద్ద జబ్బు చేసి, ఆరు నెలలు మంచాన ఉండి. ఆ ఆరు నెలలూ ఆయన ఒక్కరే చూసుకున్నారని కోడలు చెప్పగా విన్నాను. చాలాసేపయ్యాక అన్నారు: "అమానత్ సార్. ఇచ్చినోడు తీసుకున్నడు. తీసుకున్నోని తాన పోయినట్టు కాదు గద. నా తాన ఉన్నప్పుడు నేను చూసుకున్న. ఇప్పుడు ఆయన చూసుకుంటుండు."

యాభయ్యో సూరాలో ఒక చోట, చచ్చి మట్టయ్యాక మళ్లీ లేపుతారా అని ఎగతాళి చేసినవాళ్లకు జవాబుగా, మట్టి వాళ్లలోంచి ఏమేం తిన్నదో మాకు తెలుసు, మా దగ్గర ఒక పుస్తకం ఉంది అన్న భావం వస్తుంది. ఆ పుస్తకానికి అక్కడ ఇచ్చిన విశేషణం హఫీజ్. ఏదీ జారనివ్వని పుస్తకం. ఈ నామంలో నాకు అందని సంగతి అప్పుడు కొంచెం అందింది. విశ్వాసి చెప్పుకునే హిఫాజత్ అంటే దెబ్బ తగలదన్న పూచీ కాదు. తగిలిన దెబ్బా, పోయిన మనిషీ, మట్టి తిన్న వేలూ ఆయన లెక్కలోంచి చెరిగిపోవన్న నమ్మకం. మూసీలో పోయిన ఆ పాప పేరు మన పుస్తకాల్లో లేకపోవచ్చు. ఆ పుస్తకంలో ఉంటుందని అమ్జద్ నమ్మి ఉంటాడు. ఈ నమ్మకం అందరికీ ఉండాలని నేననను. ఉన్నవాళ్లను అది ఎలా బతికిస్తుందో మా కింది ఇంట్లో చూస్తున్నాను, అంతవరకు చెప్పగలను.

పెద్దాయన మాటలో నాకు కావలసిన తెలుగు దొరికింది. చూసుకోవడం. మనం పిల్లాణ్ణి పక్కింట్లో వదిలి వెళ్తూ 'కాస్త చూసుకోండి' అంటాం. రక్షించండి అనం. ఆ చూసుకోవడంలో కళ్లు ఉన్నాయి, కాపలా ఉంది, అన్నం పెట్టడం ఉంది, ఏడిస్తే ఎత్తుకోవడం ఉంది, మరిచిపోకపోవడం ఉంది. 'అల్లా చూసుకుంటాడు' అని తెలుగు ముస్లింలు, 'పైవాడు చూసుకుంటాడు' అని అందరూ అనే ఆ చిన్న వాక్యంలో హఫీజ్ ఎప్పటినుంచో కూర్చుని ఉన్నాడు. దానికి తోడు ఇంకో మాట కావాలి. భద్రంగా ఉంచిన నగకూ మనసులో నిలుపుకున్న జ్ఞాపకానికీ తెలుగు ఒకే మాట వాడుతుంది: పదిలం. పెట్టెలో పదిలంగా ఉంది అంటాం, మనసులో పదిలంగా ఉంది అంటాం. అరబ్బీ మూలం కలిపి ఉంచిన రెండింటినీ కలిపి ఉంచే అచ్చతెలుగు మాట అదొక్కటే నాకు కనిపించింది. తెలగనార్యుడు ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను.

పాప నోటుపుస్తకం తెప్పించి 'రక్షకుడు' కొట్టేయించాను. దాని పక్కన 'పదిలంగా చూసుకునేవాడు' అని రాసుకుంది. తాతగారు గుండ్రటి అద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి చదివి, "ఇది దగ్గరికొచ్చింది సార్" అన్నారు. సరిపోయింది అనలేదు. దగ్గరికొచ్చింది అన్నారు. తొంభైతొమ్మిది నామాల్లో ఏదీ ఏ భాషలోనూ పూర్తిగా పట్టదని ఆయనకు తెలుసు కాబట్టి అలా అన్నారనుకుంటాను.

శ్రోతల్లో రాయలసీమ వాళ్లున్నారు, కోస్తా వాళ్లున్నారు, ఆదిలాబాద్ వాళ్లున్నారు. మీ ఇళ్లలో, మీ పొలాల్లో, మీ అమ్మమ్మల నోట్లో కాచడానికీ గుర్తుంచుకోవడానికీ కలిపి వాడే ఇంకో మాట ఏదైనా ఉంటే, దయచేసి రేడియో కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి. పాప నోటుపుస్తకంలో హఫీజ్‌పేట ఎదురుగా ఇంకో గీత ఖాళీగా వదిలిపెట్టాం.